శ్వాసబిలం పక్కన

ఉత్తర ధ్రువ సముద్రాల్లో మంచు మీద పడుకున్న సీల్ కాసేపటికోసారి తల ఎత్తి నలుదిక్కులా చూసుకుంటుంది; అక్కడ దానిని వేటాడే ధ్రువపు ఎలుగుబంటి ఉంది, వేల ఏళ్లుగా మనిషీ ఉన్నాడు. దక్షిణాన అంటార్కిటికా ఖండపు అంచుల్లో నివసించే వెడెల్ సీల్‌కు ఆ బెదురు లేదు. ఆ ఖండపు నేల మీద దానిని తినే జంతువు ఏదీ లేదు. దానికి శత్రువులైన కిల్లర్ వేల్, లెపర్డ్ సీల్ రెండూ నీటిలో ఎదురయ్యేవే. అందుచేత మంచు మీద మనిషి నడిచి దగ్గరికి వచ్చినా అది ఒక కన్ను తెరిచి చూసి, తిరిగి నిద్రలోకి జారుకుంటుంది. మంచె కట్టుకుని రోజుల తరబడి నక్కి కూర్చోకుండా, నాలుగైదు వందల కిలోల అడవిజంతువు పక్కన నిలబడి దాని సంఖ్య రాసుకోగలగడం జీవశాస్త్రజ్ఞులకు మరెక్కడా సులభంగా దొరకని అవకాశం. వెడెల్ సీల్ గురించి లోకానికి తెలిసినదంతా దాదాపు ఈ నిర్భయత్వం పునాదిగా ఏర్పడినదే. అయితే శాస్త్రజ్ఞుల కంటే ముందు ఆ గుణాన్ని వాడుకున్నవాళ్లు వేటగాళ్లు.

సీల్ చేప కాదు, పిల్లకు పాలిచ్చి పెంచే క్షీరదం. కుక్క, ఎలుగుబంటి చేరిన మాంసాహార జంతువుల క్రమానికే చెందినదైనా, దాని కాళ్లు ఈతకు అనువుగా తెడ్ల ఆకారం దాల్చాయి. తెలుగు తీరాల్లో నివసించే ప్రాణి కాకపోవడం వల్ల దానికి వాడుకలో తెలుగు పేరు ఏర్పడలేదు, ‘నీటికుక్క’ అందామంటే ఆ పేరు కోరింగ మడ అడవుల్లో తిరిగే వేరే జంతువుకు ముందే చెల్లిపోయింది. వెడెల్ అన్నది ఒక బ్రిటిష్ నౌకాధిపతి ఇంటిపేరు. సీల్ చర్మాల కోసం దక్షిణ సముద్రాలకు వెళ్లిన జేమ్స్ వెడెల్ 1823లో, ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్న సముద్రంలో, 74 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటి ప్రయాణించాడు. సీళ్లను చంపి బతికిన మనిషి పేరే సీల్ జాతికి స్థిరపడడం చరిత్రలోని చిన్న వ్యంగ్యం.

సుమారు 3 మీటర్ల పొడవు పెరిగే ఈ జంతువు, మనిషిని మినహాయిస్తే, భూగోళం మీద అన్నిటికంటే దక్షిణాన పిల్లల్ని కనే క్షీరదం. అది ఎంచుకున్న నివాసం ‘స్థిరమంచు’, అంటే తీరానికి అతుక్కుని, అలలకూ గాలికీ కొట్టుకుపోకుండా నెలల తరబడి నిలిచి ఉండే సముద్రపు మంచుపలక. రెండు మీటర్ల మందం వరకూ పెరిగే ఈ పలక కింద కిల్లర్ వేల్ తిరగలేదు, ఎందుకంటే ఊపిరి తీసుకోవడానికి దానికి మంచు లేని నీరు కావాలి. సీల్‌కూ గాలి కావాలి, అయితే ఆటుపోట్లకు మంచు లేస్తూ దిగుతూ ఉండగా తీరం వెంబడి ఏర్పడే పగుళ్లలో అది శ్వాసబిలాలను నిలుపుకుంటుంది. బిలం అంచున కొత్తగా గడ్డకట్టే మంచును, ముందుకు పొడుచుకు వచ్చిన పై దవడ పళ్లతో, తలను అటూ ఇటూ ఊపుతూ గీకి పడేస్తుంది. శత్రువు రాలేని చోట బతకడానికి అది పళ్లతో చెల్లించే అద్దె ఇది. పళ్లు అరిగిపోతే బిలం మూసుకుపోతుంది, అంతటితో ఆయుష్షు ముగుస్తుంది.

అంటార్కిటికాకు వచ్చిన తొలి అన్వేషకులకు సీల్ అంటే మాంసం, పొయ్యిలోకి కొవ్వు. రాస్ ద్వీపంలో కెప్టెన్ స్కాట్ బృందాలు 1902లోనూ 1911లోనూ కట్టుకున్న చెక్క ఇళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి; ఆ ఇళ్లలో గడిపినవాళ్లను పళ్లచిగుళ్లు చెడి రక్తం కారే స్కర్వీ వ్యాధి నుంచి కాపాడినది తాజా సీల్ మాంసమే. బృందంలోని వైద్యుడు, చిత్రకారుడు ఎడ్వర్డ్ విల్సన్ ఆ సీళ్లనే శ్రద్ధగా పరిశీలించి వివరాలు నమోదు చేశాడు, కనుక వేటా శాస్త్రమూ అక్కడ ఒకే గుడారంలో పుట్టాయని చెప్పవచ్చు. అదే ద్వీపంలో 1950ల మధ్యలో అమెరికా మెక్‌మర్డో స్థావరాన్ని, 1957లో న్యూజీలాండ్ స్కాట్ బేస్‌ను నెలకొల్పిన తరువాత, బళ్లు లాగే కుక్కల మేత కోసం ఏటేటా సీళ్లను చంపడం కొనసాగింది, స్థావరాలకు దగ్గరలోని గుంపులు పలచబడ్డాయి. అంటార్కిటిక్ సీళ్ల సంరక్షణ ఒప్పందం మీద 1972లో లండన్‌లో సంతకాలు జరిగాయి, 1978లో అది అమలులోకి వచ్చింది; పరాయి జంతువులను ఖండంలో ఉంచకూడదన్న నియమం మేరకు 1994లో చివరి కుక్కలు కూడా వెళ్లిపోయాయి.

సీళ్లను అధ్యయనం చేయడానికి వచ్చేవాళ్లందరూ అతిథులే, ఆ ఖండానికి స్థానిక మానవజాతి అంటూ లేదు. అమెరికా, న్యూజీలాండ్ బృందాలు ప్రతి అక్టోబరు ప్రాంతంలో క్రైస్ట్‌చర్చ్ నగరం నుంచి సైనిక రవాణా విమానంలో బయలుదేరి, సుమారు 3,800 కిలోమీటర్లు దాటి, మంచు మీద చదును చేసిన రన్‌వే మీద దిగుతాయి. దారిలో వాతావరణం చెడితే విమానం సగం దూరం వెళ్లి వెనక్కి తిరగడం అక్కడ వింత కాదు. దిగినవాళ్లను నేరుగా సీళ్ల దగ్గరికి పంపరు. మంచుగాలిలో గుడారం నిలపడం, పగుళ్లను గుర్తుపట్టడం, తొలిచే గొట్టంతో మంచు మందాన్ని కొలవడం నేర్పిన తరువాతే వదులుతారు. ఈ జాగ్రత్తకు ప్రాణాల మీదికి వచ్చిన పాఠాలే కారణం. 1956 జనవరిలో, స్థావరం కట్టే తొలి రోజుల్లోనే, రిచర్డ్ విలియమ్స్ అనే నౌకాదళ ఉద్యోగి నడుపుతున్న భారీ ట్రాక్టర్ సముద్రపు మంచు విరిగి మునిగిపోయి, ఆయన మరణించాడు. అక్కడి విమానక్షేత్రానికి ఆయన పేరే పెట్టారు.

మెక్‌మర్డోకు ఉత్తరంగా, ఎరెబస్ అగ్నిపర్వతం నీడలో ఉన్న ఎరెబస్ అఖాతంలో పిల్లలు పెట్టే సీళ్ల గుంపులు చేరుతాయి. అక్కడ 1968లో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ సినిఫ్ ప్రారంభించిన జనాభా పరిశోధనను, ఈ శతాబ్ది మొదటి నుంచి మోంటానా రాష్ట్ర విశ్వవిద్యాలయపు రాబర్ట్ గారట్, జే రొటెల్లా కొనసాగిస్తూ వచ్చారు. పద్ధతి చాలా సాదా. పుట్టిన కొద్ది రోజులకే ప్రతి పిల్ల వెనుక కాళ్ల వేళ్ల మధ్య చర్మానికి, తెలుగు పల్లెల్లో పశువుల చెవులకు వేసే పసుపు ట్యాగుల వంటి ప్లాస్టిక్ బిళ్లలు తగిలిస్తారు. ఆ తరువాత ఏటా ఆ అఖాతమంతా పలుమార్లు తిరిగి, కనిపించిన ప్రతి బిళ్ల మీది సంఖ్యనూ రాసుకుంటారు. ఇప్పటికి 20 వేలకు పైగా సీళ్లకు ఇలా గుర్తింపు దొరికింది. అరిగిన బిళ్లను మార్చి, పాత సంఖ్యకు కొత్తదాన్ని జతచేసి రాసుకోవడం కూడా ఈ పనిలో భాగం.

బిళ్లను చదవడానికి ఖరీదైన యంత్రాలేవీ అక్కరలేదు. అవసరమైనది ఒకే చోటికి ఏటేటా రావడం, పాత వాళ్లు రాసినదాన్ని కొత్త వాళ్లు చెడగొట్టకుండా అందుకోవడం. పరిశోధనలకు మూడేళ్లకో ఐదేళ్లకో నిధులిచ్చే లోకంలో ఇది అనుకున్నంత సులభం కాదు. ఒక ఆడ సీల్ సగటున ఏడేళ్ల ప్రాయంలో మొదటిసారి కంటుంది, కొన్ని 30 ఏళ్ల దాకా జీవిస్తాయి; అంటే ఒక్క తల్లి జీవితాన్ని మొదటి నుంచి చివరి దాకా చూడాలంటే ఒక పరిశోధకుడి ఉద్యోగకాలమంతా చాలకపోవచ్చు. ఇంత దీర్ఘకాలం చూసినందువల్లనే, పుట్టిన తావుకు దగ్గరలోనే కనడానికి ఆడ సీళ్లు మళ్లీ వస్తాయనీ, ఒక ఏడు కన్న తల్లికి మరుసటి ఏడు కనే అవకాశం కొంత తగ్గుతుందనీ, తల్లులన్నీ సమానంగా నెగ్గుకురావనీ తేలింది.

కాన్పుకాలం అక్టోబరు నడుమ మొదలవుతుంది. తల్లి ఒంటి వెచ్చదనం నుంచి సున్నకు 20 డిగ్రీలు దిగువన ఉన్న గాలిలోకి జారే పిల్ల బరువు పాతిక, ముప్పై కిలోలు ఉంటుంది. సగానికి పైగా కొవ్వే ఉండే పాలు తాగి అది ఆరేడు వారాల్లో వంద కిలోల చుట్టుపక్కలకు చేరుతుంది, ఆ బరువంతా తల్లి ఒంటి నుంచి కరిగివచ్చినదే. పాలిచ్చే రోజుల్లో మొదట దాదాపు ఉపవాసమే చేసే తల్లి, ఆ కాలం ముగిసేసరికి తన బరువులో మూడోవంతుకు పైగా పోగొట్టుకుంటుంది. చలికాలంలో సంపాదించి దాచిన కొవ్వు ఎంతో దాని మీదే పిల్ల బతుకు ఆధారపడి ఉంటుంది కనుక, శాస్త్రజ్ఞులు తల్లీపిల్లల బరువులను తూచి, తూచలేనప్పుడు ఛాయాచిత్రాల నుంచి లెక్కకట్టి, ఆ ఏడు సముద్రం ఎలా ఉందో అంచనా వేస్తారు.

ఈ లెక్కల విలువ 2000 మార్చి తరువాత స్పష్టమైంది. రాస్ మంచుపలక నుంచి సుమారు 11 వేల చదరపు కిలోమీటర్ల వైశాల్యం గల బి-15 అనే మంచుకొండ విరిగిపడింది. దాని పెద్ద ముక్క ఒకటి కొన్నేళ్ల పాటు రాస్ ద్వీపం దగ్గర అడ్డుగా నిలిచి, వేసవిలో కొట్టుకుపోవలసిన మంచును పోనివ్వలేదు. మంచు ఏటికేడు మందమెక్కి, పగుళ్లు తగ్గి, ఎరెబస్ అఖాతానికి కనడానికి వచ్చే తల్లుల సంఖ్య పడిపోయింది. ఆ కొద్ది ఏళ్లు మాత్రమే చూసినవారికి అది జాతి క్షీణతగా కనిపించేది. ముప్పై ఏళ్ల బిళ్లల సంఖ్యలు చేతిలో ఉన్నందున, చాలా తల్లులు చనిపోలేదనీ, కాన్పులు మానుకున్నాయనో వేరే చోట ఉండిపోయాయనో గ్రహించడం సాధ్యమైంది. మంచుకొండ తొలగాక పిల్లల సంఖ్య మళ్లీ పెరిగింది.

బిలం పైన జరిగే పని ఇది. బిలం కింద ఏమి జరుగుతుందన్న కుతూహలం మరో పాయ. 1960ల మొదట్లో జెరాల్డ్ కూయ్‌మన్ అనే అమెరికన్ యువ శాస్త్రజ్ఞుడు సీల్ ఎంత లోతుకు, ఎంతసేపు మునుగుతుందో కొలవడానికి ఒక పరికరం తయారు చేశాడు. అందులో ముఖ్య భాగం వంటగదిలో పొయ్యి మీది పదార్థానికి వేళ చూసే గంట సేపటి టైమర్. టైమర్ తిప్పే పొగపట్టిన గాజుబిళ్ల మీద, నీటి ఒత్తిడికి కదిలే సూది గీత గీస్తుంది, గీత ఆకారమే మునక కథ. పరికరం తిరిగి చేతికి రావడం ఎలా అన్నదానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఇంకా తెలివైనది. మరే పగులూ లేని విశాలమైన మంచు నడుమ ఒక బిలం తొలిచి, దానిపైన గుడిసె నిలిపి, సీల్‌ను అక్కడికి తెచ్చి వదిలితే, చుట్టూ కిలోమీటర్ల దూరం గాలి పీల్చే చోటు వేరే లేనందున, ఎంత దూరం వెళ్లినా అది అదే గుడిసెకు తిరిగి రావాలి. స్వేచ్ఛగా ఈదే సముద్రజంతువు తనంత తాను ప్రయోగశాలకు నడిచి వచ్చే ఏర్పాటు ఇది.

అలా తెలిసిన సంగతులు వైద్యులను కూడా ఆశ్చర్యపరిచాయి. సీళ్లు 600 మీటర్ల లోతుకు దిగాయి, గంటకు పైగా ఊపిరి బిగపట్టాయి. అయితే గొప్ప విషయం ఆ పరమావధి కాదు, రోజువారీ మునకల్లోని పొదుపు. మునిగి వచ్చిన సీళ్ల రక్తాన్ని పరీక్షించి కూయ్‌మన్ బృందం 1980లో ఒక హద్దును గుర్తించింది: సుమారు 20 నిమిషాల లోపు మునకలో ఆ జంతువు తన ఒంట్లో దాచిన ఆక్సిజన్‌తోనే సరిపెట్టుకుంటుంది, అంతకు మించితే కండరాలు ఆక్సిజన్ లేకుండా పనిచేయవలసి వచ్చి లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, దానిని వదిలించుకోవడానికి పైన చాలాసేపు అలసట తీర్చుకోవాలి. అందుకే అవి చాలావరకు ఆ గీత దాటవు. ఆక్సిజన్‌ను దాచేది కూడా ఊపిరితిత్తుల్లో కాదు. బరువుతో పోల్చితే మనిషి కంటే ఎంతో ఎక్కువైన రక్తంలో, కండరాలను దాదాపు నల్లగా కనిపింపజేసే మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్‌లో. మునిగేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, రక్తం మెదడుకూ గుండెకూ ముందు అంది మిగతా భాగాలకు తగ్గుతుంది, పొట్టలోని ప్లీహం బిగుసుకుని తాను నిల్వ ఉంచిన ఎర్రకణాలను రక్తంలోకి వదులుతుంది.

లోతుకు దిగిన మనిషి త్వరగా పైకి వస్తే రక్తంలో నైట్రోజన్ బుడగలు పుట్టి ప్రాణాపాయం కలుగుతుంది, మరి రోజుకు పదుల సార్లు దిగి లేచే సీల్‌కు అది ఎందుకు కలగదు? బోస్టన్‌లోని మాసచూసెట్స్ జనరల్ ఆస్పత్రిలో మత్తువైద్యుడైన వారెన్ జపోల్ ఈ ప్రశ్నతోనే మెక్‌మర్డోకు వచ్చాడు. సీల్ వీపున మోసే చిన్న కంప్యూటర్ మునక మధ్యలోనే రక్తపు నమూనాలు తీసేలా ఆయన బృందం చేసిన ఏర్పాటు వల్ల, కొన్ని పదుల మీటర్ల లోతులోనే సీల్ ఊపిరితిత్తులు ముడుచుకుపోయి, నైట్రోజన్ రక్తంలోకి చేరే దారి మూసుకుంటుందని తేలి, 1985లో ప్రచురితమైంది. గాలిని ఒంట్లో నింపుకుని దూకే మనుషులకు భిన్నంగా, సీల్ మునిగే ముందు ఊపిరి వదిలేస్తుంది.

1990ల చివర్లో రాండల్ డేవిస్, టెర్రీ విలియమ్స్ మొదలైనవారు సీళ్ల తలకు చిన్న వీడియో కెమెరాలు అమర్చారు. మంచు అడుగున చీలికల్లో దాక్కున్న చేపలను బయటికి తరమడానికి సీల్ ముక్కు నుంచి గాలి బుడగలు ఊదడం, లోతుకు దిగేటప్పుడు ఈత మానేసి బరువు మీద జారుతూ శక్తి మిగుల్చుకోవడం ఆ దృశ్యాల్లో బయటపడ్డాయి. చెవికి సంబంధించిన సంగతి ఇంకా విచిత్రం: మంచు కింద మగ సీళ్లు చేసే ఈలలు, కూతలు, కిచకిచలు ఏవో యంత్రాల ధ్వనుల్లా ఉంటాయి, ఆ మంచు మీద చెవి ఆనించి పడుకున్నవాళ్లకు అవి పరికరం లేకుండానే వినిపిస్తాయి. మనిషి చెవికి అందని పౌనఃపున్యంలో కూడా అవి కూస్తాయని ఓరెగాన్ విశ్వవిద్యాలయపు పాల్ జికో బృందం 2020లో వెల్లడించింది. వాటి ప్రయోజనం మీద చర్చ సాగుతూనే ఉంది.

ఇటీవలి పరిశోధనల్లో సీల్ తానే పరిశోధకుడి పాత్ర ధరిస్తోంది. నీటి ఉష్ణోగ్రతను, ఉప్పదనాన్ని, లోతును కొలిచి ఉపగ్రహానికి పంపే చిన్న పరికరాన్ని తల వెంట్రుకలకు జిగురుతో అంటిస్తారు. ఏటా పాత వెంట్రుకలు రాలేటప్పుడు అదీ రాలిపోతుంది. ఓడలు చొరబడలేని చలికాలపు మంచు కింద సముద్రపు తీరును ఇలా తెలుసుకుంటున్నారు. తూర్పు అంటార్కిటికాలో కేప్ డార్న్‌లీ దగ్గర, సముద్రపు అట్టడుగుకు జారే అతిచల్లని బరువైన నీరు పుడుతున్నదని 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు తేల్చినప్పుడు, వారికి తోడ్పడిన ఆధారాల్లో ఎలిఫెంట్ సీళ్లు మోసిన పరికరాల కొలతలూ ఉన్నాయి. ఆ వైపే, లార్స్‌మన్ కొండల్లో 2012 నుంచి పనిచేస్తున్న భారత స్థావరం ‘భారతి’ పరిసరాల మంచు మీదా వెడెల్ సీళ్లు పిల్లల్ని కంటాయి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు భారత యాత్రల్లో భాగంగా అక్కడి సీళ్లను, పక్షులను లెక్కిస్తూ వచ్చారు.

ఈ జ్ఞానానికి సీళ్లు చెల్లించిన మూల్యం దాచదగినది కాదు. తోలు కింద కొవ్వు దట్టంగా ఉండి, మత్తు తగిలితే మునకలోలాగే ఊపిరి బిగపట్టే జంతువుకు మత్తుమందు ఇవ్వడం ప్రమాదకరం. తొలినాళ్ల ప్రయోగాల్లో కొన్ని సీళ్లు తిరిగి లేవలేదు. మందులు, మోతాదులు మెరుగై, అనుమతులు కఠినమై, నేడు సీల్ ఒంటి మీద చేయి వేయాలన్నా ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. తాకకుండానే లెక్కించే దారులు కూడా తెరుచుకున్నాయి. మిషెల్ లరూ నాయకత్వంలోని బృందం ఉపగ్రహ చిత్రాల్లో మంచు మీది నల్లని చుక్కలను మూడు లక్షలకు పైగా స్వచ్ఛంద వీక్షకుల చేత వెతికించి, ఖండం చుట్టూ ఆడ వెడెల్ సీళ్లు సుమారు రెండు లక్షలని 2021లో అంచనా ఇచ్చింది. అంచనాలో హెచ్చుతగ్గులకు చాలా చోటున్నా, పాత ఊహల కంటే ఆ సంఖ్య బాగా తక్కువ. సీళ్లకు ఇష్టమైన టూత్‌ఫిష్ అనే పెద్ద చేపను 1990ల చివరి నుంచి రాస్ సముద్రంలో వ్యాపారానికి పడుతున్నందున, ఈ లెక్కలు చేపల వేట మీద జరిగే వాదనల్లోకి కూడా వస్తాయి. అక్కడ 15 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన రక్షిత ప్రాంతం 2017 డిసెంబరులో అమలులోకి వచ్చింది.

ఉపగ్రహానికి చుక్క కనిపిస్తుంది గాని, బిళ్ల మీది సంఖ్య కనిపించదు. వేసవి ముగిసేసరికి సీళ్ల బృందాలు గుడిసెలు విప్పుకుని వెళ్లిపోతాయి. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు దాకా సూర్యుడు ఉదయించని ఆ అఖాతంలో సీళ్లు చీకట్లో మంచు గీకుతూ ఉంటాయి. తిరిగి అక్టోబరులో, పగుళ్ల వెంబడి తిరుగుతూ సంఖ్యలు చదివే కొత్త బృందానికి కొన్ని పాత సంఖ్యలు ఎదురుకావు. పళ్లు అరిగిన ముసలి తల్లి శవం మంచు కింద ఎవరికీ దొరకదు, వేరే తీరానికి పోయిన తల్లికీ దానికీ పుస్తకంలో తేడా తెలియదు. అందుచేత ఆ గడిలో ‘చనిపోయింది’ అని రాయరు, ‘కనిపించలేదు’ అని రాసి మరుసటి ఏడు మళ్లీ వెతుకుతారు.